సిక్కోలులో ఆడపిల్లలకు ఉచితంగా కోడింగ్ నేర్పాలనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టమంటారు?

నాగావళి గట్టు:

నమస్తే అండీ. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న ఆడవాళ్ళు, ఇంజినీరింగ్ చదువుతున్న అమ్మాయిలు కాస్త ఓపిగ్గా చదివి జవాబివ్వండి. నేను ఉండేది శ్రీకాకుళం టౌన్‌లో. ఆఫీసు పని ఇంటి నుంచే, ఆదివారాలు తీరిక. గవర్నమెంట్ స్కూళ్ళలో ఎనిమిది, తొమ్మిది చదివే ఆడపిల్లలకు పైసా తీసుకోకుండా కోడింగ్ నేర్పాలని ఉంది. పలాసలో ఉండే నా ఫ్రెండ్, బొబ్బిలి నుంచి ఇంకో అమ్మాయి కూడా వస్తామంటున్నారు.

మన దగ్గర ఆడపిల్లలు లెక్కల్లో ఎవరికీ తీసిపోరు. టెన్త్‌లో మార్కులు తెచ్చుకుని ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు కొడుతున్నారు. కానీ చాలామంది కంప్యూటర్ మీద చెయ్యి పెట్టేది కాలేజీలో చేరాకే. అప్పటికి పక్క బెంచీ అబ్బాయి ఇంట్లో ల్యాప్‌టాప్‌తో ఏళ్ళ తరబడి ఆడుకుని ఉంటాడు. వాడి వేళ్ళు గబగబా కదులుతుంటే చూసి ఈ పిల్ల "మనకి రాదులే" అని డిసైడ్ అయిపోతుంది. రాకపోవడం కాదండీ, ఎవరూ ముట్టుకోనివ్వకపోవడం. ఇంట్లో ఒక ఫోన్ ఉంటే అది నాన్నదో అన్నదో అయి ఉంటుంది. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

నా సందేహాలు చెప్తాను. స్కూల్లో చెప్పాలా, ఇంటికి పిలవాలా? మా ముగ్గురి దగ్గరా కలిపి పాత ల్యాప్‌టాప్‌లు నాలుగైదు ఉన్నాయి, అవి చాలతాయా? ఈ పిల్లలది తెలుగు నేపథ్యం, ఇంగ్లీషు అంటే టెన్షన్ పడతారు, దానికేం చెయ్యాలి? ఆఫీసు ఫ్రెండ్స్ కొందరు "రెండు రోజులు క్యాంపు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చేయండి, అయిపోతుంది" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు గానీ దానికి బదులు ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల టీచర్, గజపతినగరం వైపు:

అమ్మా, మంచి ఆలోచన. స్కూలు వైపు సంగతులు నేను చెప్తాను, ఇవి తెలియక మంచి మనసుతో వచ్చినవాళ్ళు కూడా ఆగిపోవడం చూశాను.

ముందు హెడ్మాస్టర్ గారిని కలవండి, ఉత్త చేతులతో కాదు, ఒక కాగితం పట్టుకుని. ఎవరెవరు వస్తారు, ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏం నేర్పుతారు, డబ్బు తీసుకోం, ఫోటోలు పెట్టం అని రాసి, మీ గుర్తింపు కార్డుల జిరాక్సులు జతచేసి ఇవ్వండి. ఆయన దాన్ని ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి పంపుకుంటారు. నోటిమాట మీద ఏ హెచ్ఎం కూడా బయటివాళ్ళని ఆదివారం స్కూల్లోకి రానివ్వలేరు, అది ఆయన తప్పు కాదు, ఏదైనా జరిగితే అడిగేది ఆయన్నే కదా. తర్వాత తల్లిదండ్రుల కమిటీ మీటింగు ఉన్న రోజు చూసుకుని వెళ్ళి తల్లులతో మాట్లాడండి. వాళ్ళు అడిగే మొదటి మాట "ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తాదా అమ్మా?" అని, రెండోది "పిల్ల ఒక్కర్తీ ఎలాగ వస్తాది, సాయంత్రమైతే బస్సు ఉండదు" అని. మొదటిదానికి వస్తుందని మాటివ్వొద్దు. రెండోదానికి మాత్రం గట్టి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళండి, పిల్ల వస్తుందో రాదో తేలేది అక్కడే.

నన్నడిగితే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో మొదలుపెట్టండి. కేజీబీవీలు 2004లో వచ్చాయి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల కోసం, బీద కుటుంబాల పిల్లల కోసం పెట్టినవి. ఆరో తరగతి నుంచి పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు కాబట్టి బస్సు గొడవ లేదు, ఆదివారం కూడా దొరుకుతారు. ఆ పిల్లలకు ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, తల దువ్వుకోవడం, ఇంటివాళ్ళు వస్తారేమోనని గేటు వైపు చూడడం, అంతే. వెళ్ళేది మీరంతా ఆడవాళ్ళే కాబట్టి అనుమతి కూడా తేలిక. అక్కడ స్పెషల్ ఆఫీసర్ అని మేడమ్ ఉంటారు, ఆవిడతో మాట్లాడి, జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసులో అనుమతి కాగితం తీసుకోండి.

టైమ్ సంగతి. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, జూన్ అంతా పుస్తకాలు, అడ్మిషన్ల హడావిడి, జులై నుంచి పెట్టుకోండి. టెన్త్ పిల్లల జోలికి మాత్రం వెళ్ళకండి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో, సంక్రాంతి దాటితే మేము వాళ్ళని ఊపిరి కూడా తీసుకోనివ్వం. మీరనుకున్నట్టు ఎనిమిది, తొమ్మిదే సరైన క్లాసులు.

ఉద్దానం అమ్మాయి:

అక్కా, నేను సోంపేట దగ్గర అమ్మాయిని, ఉద్యోగం బెంగళూరులో. ఊరొచ్చినప్పుడు నేరుగా, మిగతా రోజుల్లో వీడియో కాల్‌లో మా వైపు పిల్లలు కొంతమందికి నేర్పుతున్నాను, నాతో ఇంకో ఇద్దరు అక్కలు ఉన్నారు.

క్యాంపు గురించి అడిగారు కదా. పెట్టొచ్చు, కానీ అది గుమ్మం మాత్రమే. 2014లో బెర్లిన్‌లో పోలండ్ అమ్మాయిలు ఇద్దరు జాంగో గర్ల్స్ అని మొదలుపెట్టారు, ఒక్క రోజులో వెబ్‌సైట్ కట్టడం చూపిస్తారు, అదిప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది, పాఠమంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే వాళ్ళ దగ్గర ముగ్గురు నేర్చుకునేవాళ్ళకి ఒక కోచ్ చొప్పున కూర్చుంటారు. మన దగ్గర హాల్లో వందమందిని కూర్చోబెట్టి, ముందు ప్రొజెక్టర్ పెట్టి, దాన్ని క్యాంపు అంటున్నారు. పిల్ల చెయ్యి కీబోర్డు మీద పడదు. సర్టిఫికెట్ ఇంటికెళ్ళి గోడకెక్కుతుంది.

ల్యాప్‌టాప్‌లు నాలుగున్నాయా, అయితే ఎనిమిది మంది పిల్లలు, అంతకు మించి వద్దు. ఒక్కో దానికి ఇద్దరు. ఒకరు టైప్ చేస్తారు, ఇంకొకరు పక్కన కూర్చుని ఏం రాయాలో చెప్తారు, కాసేపటికి చోటు మారతారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మనం చేసే పెయిర్ ప్రోగ్రామింగే. ఇందులో ఒక్క రూలు చాలా గట్టిగా పాటించండి, మీరు మౌస్ ముట్టుకోకూడదు. తప్పు మీకు కనిపిస్తుంది, చెయ్యి లాగేస్తుంది, అయినా సరే. మీరు ఒక్కసారి సరిచేసి ఇచ్చారంటే తర్వాత ప్రతి తప్పుకీ చేతులు కట్టుకుని మీ మొహం చూస్తారు.

మా పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ళమ్మ పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది, కిలోల లెక్కన కూలి. ఆ కూలి లెక్క కట్టే ప్రోగ్రామ్ రాస్తానంది. నిన్న ఎన్ని కిలోలు, ఇవాళ ఎన్ని కిలోలు అని అడిగి రెండూ కలపాలి. 7 కొట్టింది, 8 కొట్టింది, జవాబు 78 వచ్చింది. పిల్ల బిత్తరపోయి చూసి, "అక్కా, మా అమ్మ ఇంత తీస్తే ఇల్లు కట్టేస్తాం" అంది. నేను ఏమీ చెప్పలేదు. ఇంకో రెండు అంకెలు ఇచ్చి చూడమన్నాను. 12, 30 ఇచ్చింది, 1230 వచ్చింది. పక్కనున్న పిల్లే పట్టుకుంది, "కలపట్లేదే, పక్కపక్కన అతికిస్తోంది" అని. అప్పుడు చెప్పాను, పైథాన్ అనే ఈ ప్రోగ్రామింగ్ భాషలో ఇన్‌పుట్ అని అడిగితే కీబోర్డు నుంచి వచ్చేదంతా అక్షరాలుగానే వస్తుంది, సంఖ్య కావాలంటే ఇంట్ అని మార్చుకోవాలి, ఏడున్నర కిలోలు ఉంటే ఫ్లోట్ అనాలి అని. ఆ పిల్ల ఇక జన్మలో మర్చిపోదు. ఇదే సంగతి బోర్డు మీద డేటా టైప్స్ అని రాసి చెప్తే వచ్చే వారానికి ఒక్కరికి గుర్తుండదు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. పైథాన్‌లో రిజర్వ్ చేసిన మాటలు మొత్తం 35, మొదట్లో అవసరమయ్యేవి పది కూడా ఉండవు. మిగతా పేర్లన్నీ మనం పెట్టుకునేవే, పైథాన్ 3లో అవి తెలుగు లిపిలోనే రాయొచ్చు. కూలి = కిలోలు * ధర అని తెలుగులో రాస్తే నిజంగా నడుస్తుంది, మీరే చేసి చూడండి. తర్వాత ఎలాగూ ఇంగ్లీషు పేర్లకు మారాలి, మారతారు కూడా, కానీ మొదటి నెలలో ఆ భయం పోవడం ముఖ్యం. ఎర్రర్ వచ్చినప్పుడు కింది నుంచి చదవడం నేర్పండి. చివరి లైనులో ఏం తప్పో ఉంటుంది, దాని పైన ఏ లైనులో అన్నది ఉంటుంది. ఎర్ర అక్షరాలు కనిపించగానే ఏదో పాడుచేశామని పిల్లలు వణికిపోతారు, అవి కంప్యూటర్ చేసే సాయం అని ప్రతిసారీ చెప్తూనే ఉండాలి.

ఇంకో సరదా విషయం, అమ్మ అనే మాట పొడవెంత అని పైథాన్‌ని అడిగితే 4 అంటుంది. కంటికి కనిపించేవి రెండే కదా అని పిల్లలు కొట్లాటకి వస్తారు. అ, మ, వత్తు కలిపే గుర్తు, మళ్ళీ మ, అలా నాలుగుగా దాచుకుంటుందని చెప్పి, అక్కడి నుంచి యూనికోడ్ గురించి, అంటే ప్రతి లిపి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి గురించి మాట్లాడొచ్చు.

కొంచెం చెయ్యి తిరిగాక టెక్నోవేషన్ గర్ల్స్ చూడండి. 2010లో మొదలైన పోటీ, 8 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిల కోసం, టీముకి అయిదుగురి దాకా ఉండొచ్చు, ఫీజు లేదు, మెంటర్లంతా వాలంటీర్లే. ఊళ్ళో ఉన్న ఒక సమస్యకి యాప్ తయారుచెయ్యాలి. మా వైపు పిల్లల్ని సమస్య చెప్పమంటే ఏం చెప్తారో మీకు తెలుసు, కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా ఇంటికో మనిషి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు గానీ పిల్లలు చిన్నప్పటి నుంచి చూసింది తాతలు, నాన్నలు డయాలసిస్ కోసం బస్సులెక్కి తిరగడమే. మొదట "కిడ్నీ జబ్బు తగ్గించే యాప్" అన్నారు. నవ్వకుండా, కాదనకుండా, "మీ తాత పరీక్షకి వెళ్ళినప్పుడు ఏం మర్చిపోతాడు?" అని అడిగాను. పాత రిపోర్టు కాగితాలు పారేసుకుంటాడు, ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతుందో డాక్టరు అడిగితే చెప్పలేడు అన్నారు. అక్కడి నుంచి ఆ యాప్ చిన్నదైంది, తేదీ, క్రియాటినిన్ అంకె, తర్వాత వెళ్ళాల్సిన రోజు, అంతే. వివరాలు ఫోన్ దాటి బయటికి పోకూడదని, యాప్ మందుల సలహా ఇవ్వకూడదని కూడా వాళ్ళే వాదించుకుని తేల్చారు. ఎమ్ఐటీ యాప్ ఇన్వెంటర్‌లో కట్టారు, ముక్కలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవడమే, కాకపోతే దానికి నెట్ కావాలి.

కొత్తవలస కుర్రాడు:

మంచి పని చేస్తున్నారు. అయితే ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. గవర్నమెంట్ స్కూల్లో చదివే అబ్బాయిలు కూడా బీదవాళ్ళే, వాళ్ళకీ ల్యాప్‌టాప్‌లు లేవు. వాళ్ళని ఎందుకు వదిలేస్తున్నారు? నేర్పేది కూడా ఆడవాళ్ళే అయ్యుండాలా? నాకు జావా, పైథాన్ వచ్చు, ఆదివారాలు ఖాళీయే.

ట్రిపుల్ ఐటీ చెల్లి:

అన్నయ్యా, నేను చెప్తాను, ఎందుకంటే నేను ఆ పక్కన కూర్చుని వచ్చినదాన్నే. మా స్కూల్లో కంప్యూటర్లు ఉండేవి. పీరియడ్ మొదలవగానే అబ్బాయిలు పరిగెత్తుకెళ్ళి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు, మేము వెనక నిలబడి చూసేవాళ్ళం. ఎవరూ మమ్మల్ని వద్దనలేదు. కానీ తోసుకుని వెళ్ళి కూర్చోవడం మాకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు, పైగా తోసుకెళ్తే "ఏటా దూకుడు" అనేవాళ్ళు. అందుకే ఆడపిల్లలకు వేరే గది, వేరే గంట కావాలి. ఎప్పటికీ కాదు, వేళ్ళు కుదిరేదాకా.

తొమ్మిదిలో ఉండగా మా ఊరి అక్క ఒకావిడ, ఎంసీఏ చదివినావిడ, శనివారం సాయంత్రాలు వచ్చి మాకు స్క్రాచ్ చూపించేది, రంగురంగుల ముక్కలు తగిలించి ప్రోగ్రామ్ చేసేది. మా యాసలోనే మాట్లాడేది. ఆవిడ కూడా మా బడిలోనే చదివింది, మా బస్సులోనే తిరిగింది. అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ అమ్మాయి అంటే టీవీలో కనిపించే మనిషి అనుకునేదాన్ని. ఆవిడ్ని చూశాకే ఇది మన ఊరి పిల్లకి కూడా జరిగే విషయం అనిపించింది. మగ మాస్టారు ఎంత మంచివారైనా ఇది ఇవ్వలేరు, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు.

కోడింగ్ ఒక్కటే కాదు అన్నయ్యా. నెలసరి వచ్చి కడుపునొప్పితో కూర్చోలేకపోతే ఆ అక్కకి చెప్పుకున్నాం. మా క్లాసులో ఒకమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని మొదట తెలిసింది ఆవిడకే, టీచర్లకు కాదు. మెంటరుగా వచ్చే అక్కలందరూ 1098 నంబరు గుర్తుపెట్టుకోండి, పిల్లల హెల్ప్‌లైన్, పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్ళి చెయ్యడం చట్టప్రకారం కుదరదని కూడా తెలిసి ఉండాలి. వెళ్ళి గొడవ పెట్టుకోమని కాదు, పిల్ల చెప్పుకున్న రోజున దిక్కులు చూడకుండా ఉండడానికి.

అబ్బాయిలకి మీరు నేర్పండి అన్నయ్యా, నిజంగా కావాలి. వీలైతే వాళ్ళకి కుర్చీ పక్కవాళ్ళకి కూడా ఇవ్వడం నేర్పండి, మేము చాలా సంతోషిస్తాం.

కొత్తవలస కుర్రాడు:

అర్థమైందమ్మా, ఈ వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. సరే, పిల్లల దగ్గరికి నేను రాకపోయినా వెనక పని చేస్తాను. పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళు నాకివ్వండి. 4 జీబీ ర్యామ్ ఉన్నా చాలు, విండోస్ తీసేసి తేలికపాటి లినక్స్ వేసి, పైథాన్, అది రాసి నడుపుకోవడానికి ఐడిల్ పెట్టి ఇస్తాను. విండోస్ మీదే ఉంచుతానంటే స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్ కూడా వేస్తాను, రెండింటికీ నెట్ అక్కర్లేదు. ఫోన్ మాత్రమే ఉన్న పిల్లలకి పైడ్రాయిడ్ 3 అని ఆండ్రాయిడ్ యాప్ ఉంది, అందులో పైథాన్ నెట్ లేకుండా నడుస్తుంది, స్క్రీన్ చిన్నది కాబట్టి కష్టమే గానీ ఇంటి దగ్గర ప్రాక్టీసుకి ఏమీ లేనిదానికన్నా నయం.

లెక్కల టీచర్, గజపతినగరం వైపు:

కరెంటు సంగతి ఎవరూ అడగలేదు. వానాకాలం, తుఫాన్ల కాలం మన దగ్గర ఎలా ఉంటుందో తెలిసిందే, తిత్లీ తుఫాను అప్పుడు పలాస వైపు ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నారో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరెంటు లేని రోజుకి కూడా పాఠం చేతిలో ఉండాలి. అట్టముక్కలు అయిదు కత్తిరించి వాటి మీద 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. అయిదుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టి తలొకటి ఇవ్వండి. ఆరో పిల్ల తన పుట్టిన తేదీ చెప్తుంది, వీళ్ళు అట్టలు తిప్పి ఆ అంకె తేవాలి. 23 అంటే 16, 4, 2, 1 కనిపించాలి, 8 పట్టుకున్న పిల్ల అట్ట తిప్పేయాలి. అయిదు అట్టలతో 31 దాకా వస్తుంది, అంటే ఎవరి పుట్టినరోజైనా సరే దొరుకుతుంది. అయ్యాక అదే బైనరీ, కంప్యూటర్ అంకెలు దాచుకునే పద్ధతి అని చెప్పండి. న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ చెప్పడానికి తయారుచేసిన పాఠాల్లోది ఇది, సీఎస్ అన్‌ప్లగ్డ్ అని వెతికితే ఇలాంటివి చాలా ఉన్నాయి. నేను లెక్కల పీరియడ్‌లో వాడతాను, వెనక బెంచీ పిల్లలు కూడా ముందుకొచ్చి నిలబడతారు.

ఇంకోటి, ఇది సలహా కాదు, కచ్చితంగా పాటించాల్సింది. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఏ మెంటరూ ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, ఆడవాళ్ళైనా సరే. మెసేజ్‌లు గ్రూపులోనే, ఆ గ్రూపులో తల్లో తండ్రో ఉండాలి. ఫోటో తీయాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచీ ఉంది, స్కూళ్ళు ఈ విషయంలో గట్టిగానే ఉంటాయి, ఉండాలి కూడా. మీరే ముందు ఈ నియమాలు రాసి తీసుకెళ్తే స్పెషల్ ఆఫీసర్ మేడమ్‌కి మీ మీద సగం నమ్మకం అక్కడే కుదురుతుంది.

నాగావళి గట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారని నిజంగా అనుకోలేదు. క్యాంపు ఆలోచన పూర్తిగా పక్కన పెట్టేశాను. టీచర్ గారు చెప్పినట్టే ఈ వారం కాగితం రాసుకుని కేజీబీవీ మేడమ్‌ని కలుస్తాను. ఎనిమిది మంది పిల్లలు, జులైలో మొదలు, సంక్రాంతి సెలవుల దాకా ప్రతి ఆదివారం. ముందు స్క్రాచ్, దసరా తర్వాత పైథాన్. టెక్నోవేషన్ సంగతి పిల్లలకి ఇష్టమైతేనే, వాళ్ళ మీద రుద్దను.

ఇప్పుడు నాకు కావలసింది ఇంకో ఇద్దరు, ముగ్గురు ఆడవాళ్ళు. పెద్ద ఎక్స్‌పర్ట్‌లు అవ్వక్కర్లేదు. కానీ ఒక్కటే అడుగుతాను, నెలకి రెండు ఆదివారాలే ఇవ్వగలిగితే రెండే అని చెప్పండి, ఆ రెండూ మాత్రం తప్పకుండా రండి. హాస్టల్లో ఉండే పిల్లలు, వస్తానన్న మనిషి రాకపోతే ఆ రోజంతా గేటు దగ్గరే ఉంటారని టీచర్ గారి మాటల్లో నాకు బాగా అర్థమైంది. వాళ్ళకి అలాంటి ఆదివారం మన వల్ల రాకూడదు.

ఉద్దానం అమ్మాయి అక్కా, మీ కూలి లెక్క ప్రోగ్రామ్ నేను మా పిల్లలకి వాడుకోవచ్చా?

ఉద్దానం అమ్మాయి:

అయ్యో, అడగాలా, వాడుకోండి. కిలోల ధర మాత్రం మీ పిల్లల్ని ఇంట్లో అడిగి తెచ్చుకోమనండి, పొలం కూలైనా, టైలరింగ్ అయినా, వాళ్ళింటి లెక్కే పెట్టాలి. మొదటి రెండు ఆదివారాలు నేను వీడియో కాల్‌లో ఉంటాను.

చీపురుపల్లి:

నేను డిగ్రీ కంప్యూటర్స్ చేసి పెళ్ళయ్యాక ఆపేశాను, ఇప్పుడు బాబు స్కూలుకి వెళ్తున్నాడు. నెలకి రెండు ఆదివారాలు కచ్చితంగా రాగలను, బాబుని మా అత్తయ్య చూసుకుంటానన్నారు. రైల్లో ఆమదాలవలస దాకా వచ్చి అక్కడి నుంచి ఆటోలో వచ్చేస్తాను. స్క్రాచ్ రాదు గానీ జులై లోపు నేర్చుకుంటాను. పైథాన్‌లో లూపులు, లిస్టుల దాకా వచ్చు. సరిపోతుందా అండీ?

నాగావళి గట్టు:

సరిపోతుంది, రండి అక్కా. నంబర్ మెసేజ్‌లో పంపుతున్నాను. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే తెచ్చుకోండి, పాత భవనాల్లో ప్లగ్ పాయింట్లు ఎప్పుడూ గది అవతలి మూలే ఉంటాయి.